పిల్లలతో ఊరు మారాలనుకుంటున్నాం: ఘట్‌కేసర్, భువనగిరి, షాద్‌నగర్‌లలో ఏది?

తార్నాక నాన్న
ఆదివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

నా ఆఫీసు సికింద్రాబాద్ స్టేషన్‌ నుంచి నడిచి వెళ్లేంత దూరం. పొద్దున పదింటికి లోపల ఉండాలి, సాయంత్రం ఆరుకు బయటపడతాను. మా ఆవిడ ఉప్పల్‌లో ల్యాబ్ టెక్నీషియన్. ఏడున్నరకే డ్యూటీ, మూడున్నరకు అయిపోతుంది. పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి. బాబుకు రెండున్నర. అమ్మ మాతోనే ఉంటుంది. మోకాళ్ల నొప్పులు. మేముండేది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. పండక్కో పబ్బానికో తప్ప అమ్మ కిందికి దిగట్లేదు.

సంక్రాంతికి పాపకు సైకిల్ కొన్నాం. తొక్కడానికి సెల్లార్ తప్ప చోటు లేదు. స్తంభాల చుట్టూ తిరుగుతుంటుంది. కారు లోపలికి వస్తుంటే వాచ్‌మన్ ఈల వేస్తాడు, పాప గోడకు ఆనుకుని నిలబడుతుంది, కారు ఆగాక మళ్లీ తొక్కడం మొదలుపెడుతుంది. మొన్న ఈల వినపడలేదు. బంపర్ సైకిల్ వెనక చక్రానికి తగిలి ఆగింది. పాపకేమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకూ ఆవిడకూ నిద్ర పట్టలేదు. ఈ వేసవి సెలవుల్లోపు ఊరు మారాలని అప్పుడే అనుకున్నాం.

బడ్జెట్ 55 లక్షలు. అందులో 18 చేతిలో ఉన్నాయి, మిగతాది లోన్. ఘట్‌కేసర్, భువనగిరి చూస్తున్నాం. షాద్‌నగర్‌లో చవకని ఒక స్నేహితుడు చెప్పాడు. అక్కడ కాపురం ఉండి రోజూ పట్నం వెళ్లొచ్చేవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

సీజన్‌పాస్ పదకొండేండ్లు
ఆదివారం, రాత్రి 11:05

అన్నా, మాది భువనగిరి. పదకొండేండ్ల సంది సికింద్రాబాద్‌కు రైలుబండిలనే పోతున్న. ఉన్నదున్నట్టు చెప్తా.

రైలు మీద యాభై కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఎక్స్‌ప్రెస్ సక్కగ నడిస్తే ముప్పావుగంట. నడిస్తే అని ఎందుకంటున్ననంటే, ఘట్‌కేసర్ దాటినంక పట్నం దగ్గరపడ్డకొద్ది బండి ఆగుతది. మౌలాలి దగ్గర ఔటర్‌ల, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ కాడ పెడితే పది నిమిషాలు కావొచ్చు, ముప్పై కావొచ్చు. మీ ఆఫీసు పదింటికైతే తొమ్మిదింటికి దిగే బండి పట్టుకోవాలె. తొమ్మిదిన్నర బండిని నమ్ముకోవద్దు.

సీజన్ పాస్ చాలా చవక, ఫోన్‌లనే తీసుకోవచ్చు. కానీ అది జనరల్ బోగీకే. రిజర్వేషన్ బోగీ ఎక్కితే ఫైన్. కాజీపేట, జనగామ, ఆలేరులనే బండి నిండుతది, మన స్టేషన్‌ల సీటు ఆశ పెట్టుకోవద్దు. ఇంకొక ముచ్చట: 2025 జనవరిల చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలైనంక కొన్ని బండ్లు అక్కడిదాంకనే వస్తున్నయి. మీరు అనుకున్న బండి సికింద్రాబాద్ దాంక పోతదా, చర్లపల్లిల ఆగుతదా చూసుకున్నంకనే ఇల్లు చూడండి.

ఇగ ఇంటి సంగతి. నాకు 160 గజాల ఇల్లు. జామచెట్టు, బాయి, అరుగు. అమ్మ పొద్దంత అరుగు మీదనే కూసుంటది, పోయేటోళ్లు వచ్చేటోళ్లు పలకరిస్తరు. బతుకమ్మకు మా బిడ్డలు పొద్దుగాల పోయి తంగేడుపువ్వు తెంపుకొస్తరు. ఇవన్ని నిజమే. నేను ఆరుంబావుకు లేచి, ఏడున్నరకు ఇల్లు దాటి, రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరేది గూడ నిజమే. పెద్దోడు మూడేండ్ల పిలగాడు ఉన్నప్పుడు నన్ను "ఆదివారం నాన్న" అనేటోడు. ఇప్పుడు వానికి పన్నెండేండ్లు. ఆ మాట వానికి యాదిలేదు, నాకున్నది.

ఘట్‌కేసర్ టీచరమ్మ
సోమవారం, ఉదయం 6:15

మేము 2016లో నాచారం నుంచి ఇక్కడికి వచ్చాం. మీ ఆవిడకు ఉప్పల్‌లో ఏడున్నరకు డ్యూటీ అంటే భువనగిరి నుంచి ఆరు లోపే బస్సెక్కాలి. అక్కడినుంచి ఉప్పల్ నలభై కిలోమీటర్లకు దగ్గర. రెండున్నరేళ్ల బాబు లేచేసరికి అమ్మా నాన్నా ఇద్దరూ ఊళ్లో ఉండరన్నమాట. ఘట్‌కేసర్ నుంచైతే ఆరూముప్పావుకు బయల్దేరినా పొద్దున ఖాళీ రోడ్డు మీద సరిపోతుంది. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆ ఖర్చు మిగులుతుంది.

ఇక్కడ ఇబ్బందులూ ఉన్నాయి. ఉప్పల్, నారపల్లి మధ్య ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ దారిలో ఒక వర్షాకాలం ప్రయాణం చేస్తే తెలుస్తుంది, చీర కుచ్చిళ్లకు అంటిన బురద ఎండిపోయేదాకా బడిలో అలాగే నిలబడేదాన్ని.

ఎంఎంటీఎస్ (పట్నం లోకల్ రైలు) చూసి మోసపోకండి. 2024 మార్చిలో ఘట్‌కేసర్‌కు వచ్చింది, సంతోషమే. కానీ అది మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి వెళ్తుంది. సికింద్రాబాద్ స్టేషన్ తగలదు. "స్టేషన్‌కు ఐదు నిమిషాలు, ఎంఎంటీఎస్ సౌకర్యం" అని బోర్డు పెట్టి అమ్మే ఇళ్లకు మీ ఆఫీసుతో సంబంధం లేదు. మీకు పనికొచ్చేది కాజీపేట వైపు నుంచి వచ్చే ప్యాసింజర్లు, లేదంటే బస్సు.

పాలమూరు పోరడు
సోమవారం, ఉదయం 9:30

షాద్‌నగర్ వాణ్ని కాబట్టి మా ఊరిని మెచ్చుకోవాలనే ఉంది. హైవే మీద ఊరు, కొత్తూరు పరిశ్రమలు పక్కనే, మహబూబ్‌నగర్ దాకా రెండో రైలు లైన్ పూర్తయింది. శంషాబాద్ వైపు పనిచేసేవాళ్లకు ఇంతకన్నా మంచి ఊరు నేను చెప్పలేను. కానీ అన్నా, మీకు వద్దు. బండి కాచిగూడలో దింపితే అక్కడినుంచి మళ్లీ సికింద్రాబాద్ పోవాలి. బస్సైతే ఆరాంఘర్ దాటి ఊరంతా అడ్డంగా కోయాలి. మేడంకు ఉప్పల్ మరీ దూరం. గజం ధర తక్కువుందని మా ఊరికి వస్తే ఆ తేడా రోడ్డు మీదే ఖర్చవుతుంది. మీ స్నేహితుడికి అక్కడ ప్లాట్ ఉందేమో కనుక్కోండి.

మూడు లేఅవుట్ల బాధితుడు
సోమవారం, మధ్యాహ్నం 1:10

ఏ ఊరైనా సరే, ఒక్క మాట. మా నాన్న రిటైరైన డబ్బుతో ఒక వెంచర్లో రెండు ప్లాట్లు కొన్నారు. రంగుల బ్రోచర్, గేటు, తాటిచెట్టంత బోర్డు. కాగితాల్లో ఉన్నది గ్రామ పంచాయతీ లేఅవుట్. మా చిన్నాన్నదీ అదే కథ, ఇంకో వెంచర్. 2020లో ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం) ప్రకటించగానే వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశాం. ఇల్లు కట్టాలంటే పర్మిషన్ లేదు, అమ్మాలంటే కొనేవాడు లేడు. నాన్న ఆ ప్లాట్ చుట్టూ తానే కడీలు పాతి వచ్చేవారు. పోయిన ఏడాది నాన్న కాలం చేశారు.

కాబట్టి లేఅవుట్లకు అనుమతిచ్చే హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ ఇచ్చిన ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు అడగండి. పెద్ద లేఅవుట్, అపార్ట్‌మెంట్ అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. నంబరిస్తే చాలదు, వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి. ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా తీయండి. చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ మ్యాప్ చూడండి. "ప్రీ లాంచ్" అన్న మాట వినపడితే లేచి వచ్చేయండి. రీజినల్ రింగ్ రోడ్డు పేరు చెప్పి భువనగిరి, చౌటుప్పల్ వైపు ధర పెంచి అమ్ముతున్నారు. ఆ రోడ్డు మీ పాపను బడికి తీసుకెళ్లదు.

నిర్వాహకులు
సోమవారం, సాయంత్రం 4:00

ఈ చర్చలో ప్లాట్ల అమ్మకం కోసం పెట్టిన నాలుగు సందేశాలు తొలగించాం. ఫోన్ నంబర్లు ఇవ్వొద్దు.

డోంబివలీ తెలుగు
సోమవారం, రాత్రి 10:45

ముంబయిలో ఉంటాం, తాతల కాలంలో కరీంనగర్ నుంచి వచ్చాం. ఇక్కడ మాకు ఊరంటే లోకల్ ట్రైన్‌లో ఎన్నో స్టేషన్ అన్నదే లెక్క. డోంబివలీ, కల్యాణ్, అంబర్‌నాథ్, బద్లాపూర్ అని దూరం పెరిగేకొద్దీ గది ఒకటి పెరుగుతుంది. మేమూ గది కోసమే బద్లాపూర్ వెళ్లాం. మూడేళ్లు ఉండి డోంబివలీకి వెనక్కి వచ్చాం, ఒక గది తగ్గించుకుని.

కారణం చెబుతాను. ఇద్దరం ఒకే లైన్ మీద, ఒకే దిక్కుకు వెళ్లేవాళ్లం. మామూలు రోజుల్లో హాయి, కలిసి వెళ్లడం. కానీ వానకు లైన్ ఆగిందంటే ఇద్దరం ఒకేసారి ఇరుక్కునేవాళ్లం. 2019 జులైలో మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ బద్లాపూర్, వాంగణీ మధ్య వరదలో చిక్కుకుంది, గుర్తుందా? పడవలు తెచ్చి జనాన్ని దించారు. ఆ వానల్లోనే ఒక రాత్రి మా బాబు బేబీ సిట్టింగ్ ఆంటీ ఇంట్లోనే పడుకున్నాడు. నాలుగేళ్ల వాడు. మరుసటి రోజు వాడు ఏడవలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

భార్యాభర్తలిద్దరూ ఒకే రైలు మీద, ఒకే రోడ్డు మీద ఆధారపడకండి.

జనగామ బిడ్డ
మంగళవారం, ఉదయం 7:50

తండ్రులు, తల్లులు రాస్తున్నారు. రోజూ పట్నం వెళ్లొచ్చే నాన్న కూతురిగా నేను రాస్తాను.

మా నాన్న ఇరవై రెండేళ్లు జనగామ నుంచి హైదరాబాద్ ఉద్యోగానికి వెళ్లొచ్చారు. అమ్మ టీచర్, ఆమె బడి ఇంకో దిక్కున, బస్సు దిగి నడవాల్సిన పల్లె. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఇంటర్వెల్‌లో మెట్ల మీదినుంచి పడ్డాను. మోచేయి విరిగింది. అప్పటికి సెల్‌ఫోన్లు లేవు. బడివాళ్లు నాన్న ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తారు, చెబుతామన్నారు. అమ్మ బడిలో ఫోనే లేదు. పక్కింటి పెద్దమ్మ వచ్చి నన్ను తీసుకెళ్లింది. ఆమెకు సంతకం రాదు. కట్టు కట్టడానికి డాక్టరు ఇంట్లోవాళ్ల కోసం చూస్తున్నాడు. పదకొండింటి నుంచి మూడున్నర దాకా చెక్క బల్ల మీద కూర్చున్నాను. పెద్దమ్మ తన కొంగుతో నా చేతిని తన మెడకు కట్టుకుంది, నా చెయ్యి కదలకుండా తానూ కదలకుండా కూర్చుంది. ఆమె ఒంటి మీది పసుపు వాసన నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

నాన్న మీద నాకు కోపం లేదు. ఆయన పరిగెత్తుకుంటూ వచ్చారు, చెప్పుల్లేవు, ఎక్కేటప్పుడు ఒకటి జారిపోతే రెండోది కూడా వదిలేశారట. కానీ మీరు అడిగింది ఊరి గురించి కాబట్టి చెబుతున్నాను. గజం ధర, రోడ్డు వెడల్పు తరవాత చూసుకోండి. మధ్యాహ్నం బడి నుంచి ఫోన్ వస్తే అరగంటలో చేరేవాళ్లు ఇంట్లో ఎవరున్నారు? మీ అమ్మగారు మెట్లు దిగలేరన్నారు. మీరూ మేడంగారూ ఇద్దరూ గంట దూరంలో ఉంటే ఆ ఊళ్లో మీకు ఒక పెద్దమ్మ ఉండాలి. కొత్త కాలనీలో పెద్దమ్మ దొరకడానికి ఏళ్లు పడుతుంది.

తార్నాక నాన్న
మంగళవారం, రాత్రి 11:30

ఇది ఆవిడకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "నేను అక్కడే పని చూసుకుంటే?" అంది. భువనగిరిలో ల్యాబులున్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, చుట్టూ సెంటర్లు పెరిగాయి. జీతం తగ్గుతుంది. ఆ తేడాను ఎలా లెక్కవేయాలో మాకు తెలియట్లేదు.

సీజన్‌పాస్ అన్నా, నీళ్ల సంగతి ఎలా ఉంటుంది?

మూసీ కింద రైతు
బుధవారం, ఉదయం 5:40

నీళ్ల ముచ్చట నేను చెప్తా. పట్నం మురుగంతా మూసీల కలిసి మా దిక్కే వస్తది. బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ కాలువల కింద మేం ఆ నీళ్లతోనే వరి పండిస్తున్నం. నురుగు చూస్తే మీకే తెలుస్తది. కాలువ దగ్గర ఇల్లు తీసుకోవద్దు, బోరు నీళ్లు తాగొద్దు. మన పాత నల్గొండ జిల్లాల ఫ్లోరైడ్ గూడ ఉన్నది, ఊరు ఊరుకు మారుతది, బోరు బోరుకు మారుతది. సీసాల పట్టి పరీక్ష చేయించండి. మిషన్ భగీరథ నల్లా (సర్కారు తాగునీళ్లు) ఏ వేళకు వస్తదో, ఎండకాలం గూడ వస్తదో పక్కింటి ఆడోళ్లను అడగండి. ఇల్లు అమ్మేటోన్ని అడగొద్దు. మే నెలల పోయి చూసిన ఇల్లే ఇల్లు.

సీజన్‌పాస్ పదకొండేండ్లు
బుధవారం, ఉదయం 8:10 (బండిలకెళ్లి)

ఆయన చెప్పింది నూటికి నూరు. మాకు తాగనీకె నల్లా, వాడుకకు బాయి. గుట్ట దిక్కున్న పాత ఊరిల కాలువ బాధ లేదు.

అన్నా, కొనకండి. ముందు వారం రోజులు ఉండి చూడండి. మా తమ్ముని పోర్షన్ ఖాళీ ఉన్నది, కిరాయి వద్దు. చాపలు, సిలిండర్ ఉన్నయి. పాపను తీసుకొని రండి.

రిటైర్డ్ హెడ్మాస్టర్
బుధవారం, మధ్యాహ్నం 3:20

బడి గురించి ఎవరూ రాయలేదు. నాయనా, ఫ్లెక్సీల మీది ర్యాంకులు చూడకు. సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గర పావుగంట నిలబడు. పిల్లలు పరిగెత్తుతూ వస్తున్నారా, కాళ్లీడుస్తూ వస్తున్నారా చూడు. రెండో తరగతి పిల్లవాణ్ని ఎవరినైనా పిలిచి వాడి తెలుగు వాచకంలో ఒక పేరా చదవమను. చదవగలిగితే ఆ బడిలో ఎవరో ఒకరు పాఠం చెబుతున్నట్టే. మరుగుదొడ్డి కూడా చూడు, ముఖ్యంగా ఆడపిల్లకు.

చిన్న ఊరిలో పదో తరగతి దాకా ఇబ్బంది ఉండదు. ఇంటర్‌కు వచ్చేసరికి చాలామంది పిల్లల్ని పట్నం హాస్టల్లో వేస్తారు. పదేళ్ల తరవాత మీ అమ్మాయి విషయంలో మీరేం చేస్తారో ఇప్పుడే కాస్త ఆలోచించుకోండి. ఇంటి నుంచి కాలేజీకి వెళ్లొచ్చే దూరంలో ఊరుంటే ఆ రెండేళ్లు పిల్ల మీ కళ్లముందే ఉంటుంది.

తార్నాక నాన్న
మూడు వారాల తరవాత, ఆదివారం, సాయంత్రం 5:15

అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది.

సీజన్‌పాస్ అన్న వాళ్ల తమ్ముడి పోర్షన్‌లో ఆరు రోజులున్నాం. నేను లీవ్ పెట్టకుండా అక్కడినుంచే ఆఫీసుకు వెళ్లాను, అసలు సంగతి తెలియాలని. రాత్రి ఇల్లు చేరిన వేళలు రాసుకున్నాను: 7:55, 8:10, 8:40, 7:50, 9:15. ఐదు రోజుల్లో రెండు రోజులు పాప నిద్రపోయింది. 9:15 నాటి రాత్రి అన్న నాకోసం స్టేషన్‌లో బైకు పెట్టుకుని ఉన్నాడు. ఆయన తన రైలు దిగి ఇల్లు చేరి, అన్నం తిని మళ్లీ వచ్చాడు. ఈ మాట ఇక్కడ రాయకుండా ఉండలేను.

ఆదివారం అమ్మ తప్ప అందరం భువనగిరి గుట్ట ఎక్కాం. ఒకే రాయి, అంత ఎత్తు. చివర కాస్త నేను ఎత్తుకున్నాను, మిగతాదంతా పాప నడిచింది. రాక్ క్లైంబింగ్ నేర్చుకునే పిల్లలు తాళ్లు పట్టుకుని కనపడ్డారు. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట ఈ గుట్ట మీదే నేర్చుకుందని అన్న చెబితే, పాప ఆ తాళ్ల దగ్గరినుంచి కదల్లేదు. అమ్మ కింద అరుగు మీదే ఉంది. వారం రోజుల్లో వీధిలో ఏడుగురు పేర్లు చెప్పగలిగేది. తార్నాకలో నాలుగేళ్లలో ఇద్దరు.

అయినా భువనగిరికి వెళ్లట్లేదు. ఆవిడ రెండు ల్యాబుల్లో కనుక్కుంది. ఇప్పుడొచ్చే దానికి సగం కన్నా కొంచెం ఎక్కువ ఇస్తామన్నారు. నా ఒక్కడి జీతం మీద లోన్ కడితే నేను ఓవర్‌టైమ్ చేయాలి, అప్పుడు 9:15 రోజూ అవుతుంది. పాపను పెంచడానికి ఊరు మారి, పాప మొహం చూడకుండా ఎలా?

ఘట్‌కేసర్‌లో అద్దెకు తీసుకుంటున్నాం, పదకొండు నెలలకు. కొనడం లేదు. గ్రౌండ్ ఫ్లోర్, రెండు గదులు, ముందు సిమెంటు వాకిలి, వీధి చివర మూసేసి ఉంది కాబట్టి బండ్లు రావు. ఆవిడ నాలుగున్నరకల్లా ఇంట్లో ఉంటుంది. మూడు రోజులు నేను అక్కడినుంచి వెళ్లొచ్చి చూశాను, ఏడుంబావు, ఏడూఐదు, ఏడూనలభై. మిగిలింది మధ్యాహ్నం ఫోన్ సంగతి. ఇంటి ఓనరమ్మ పై వాటాలోనే ఉంటారు, ఆమెకు మా పాప వయసు మనవరాలు ఉంది. బడిలో మా నంబర్ల కింద మూడో నంబరుగా ఆమెది రాయించమని ఆమే అన్నారు. జనగామ అక్కా, ఇది మీకు చెప్పాలనిపించింది.

హెడ్మాస్టర్ గారు చెప్పినట్టే గేటు దగ్గర నిలబడ్డాను. రెండు బళ్లు చూశాం. రెండోదాంట్లో ఒక పిల్లాడు వాచకం చదివి, నేను వద్దన్నా ఇంకో పేజీ చదివాడు. అక్కడే వేస్తున్నాం.

ఘట్‌కేసర్ టీచరమ్మ
ఆదివారం, సాయంత్రం 6:40

మీరు చెప్పిన ఆ వీధి మాకు మూడో వీధి. రెండు విషయాలు చెబుతాను. ఏప్రిల్ రెండో వారం నుంచి అక్కడ బోరు తగ్గుతుంది, ట్యాంకర్ అవసరం పడుతుంది. సంపు ఎన్ని లీటర్లదో అగ్రిమెంట్‌కు ముందే ఓనరమ్మను అడగండి. రెండోది, సామాను దించే రోజు వంట పెట్టుకోవద్దని మేడంకు చెప్పండి. అమ్మగారికి పప్పన్నం, పిల్లలకు పెరుగన్నం నేను పంపిస్తాను. కారం ఎంత తింటారో రాయండి.

సీజన్‌పాస్ పదకొండేండ్లు
ఆదివారం, రాత్రి 9:05

మంచి పని చేసినవ్ తమ్మీ. పాప చెప్పులు ఒక జత మా అరుగు కింద ఉన్నయి, ఎర్రయి. రేపు పొద్దుగాల ప్యాసింజర్‌ల తెస్తున్న. ఘట్‌కేసర్‌ల బండి ఒక్క నిమిషమే ఆగుతది, వెనకనుంచి మూడో బోగీ కాడ నిలబడు.